‘అభ్రగపతిం...’ తర్వాత బన్నింపడా, మన్నింపడా?

ఎడమచేతివాటం:
మా తెలుగు సంఘం సంచికకి న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) మరియానో రివేరా గురించి రాస్తున్నా. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ (పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే చోటు) తలుపు తీసుకుని ఆయన నింపాదిగా పరుగెత్తుకొచ్చే చోట ‘సిరికిం జెప్పడు’ పెడదామనుకున్నా. రెండో పాదంలో చిక్కుకుపోయా. ‘పరివారంబునుఁ జీరఁ డభ్రగపతిం’ దాకా వస్తోంది. ఆ తర్వాత బన్నింపడా, మన్నింపడా? మా మాస్టారు ‘మ’ అనే చదివినట్టు గుర్తు.

ద్రుతం:
పన్నింపడు. ద్రుతం (మాట చివరి నకారం) మీది పరుషం ‘ప’ సరళమై ‘బ’ అయింది. ‘తిం’ తర్వాత ‘బ’ని గబగబా అంటే ‘మ’లాగే వినబడుతుంది. మాస్టారిని ఏమీ అనకండి.

మిరపతోట:
‘మన్నింపడు’కి మాత్రం ఏం తక్కువండీ? గరుత్మంతుడు ఎదురుగా ఉన్నా లెక్కచెయ్యకుండా వెళ్లిపోయాడని అర్థం. ఆ తొందర ఎంత బాగా పలికింది! పక్షికి జీను కట్టించడమేమిటి?

పాత అచ్చు:
బాగుండడం వేరు, యతి వేరు. మత్తేభంలో యతి పద్నాలుగో అక్షరం. మీరు కొట్టుకుంటున్నది సరిగ్గా దాని మీదే. పాదం మొదట్లో ‘ప’ ఉంది. దానికి ‘బ’ చెల్లుతుంది, ‘మ’ని ఎలా చెల్లిస్తారు? పు-బు-భు-ములకి వెసులుబాటు ఉందంటారేమో, అది ఉకారం ఉన్నప్పటి మాట.

మిరపతోట:
యతికో దండం. అర్థం సంగతి ఇంకా తేలలేదు.

కట్టర్ అభిమాని:
‘పన్నింపడు’ అయితే పద్యం రివేరాకి అసలు నప్పదు. పన్నించడమంటే వాహనాన్ని సిద్ధం చేయించడమేగా. ఈయన పనే అది. మొదటి కొన్ని ఇన్నింగ్స్‌లూ లోపలే కూర్చుని ఒళ్లు సాగదీసుకుని, తర్వాత బుల్‌పెన్‌కి వచ్చి చెయ్యి వేడెక్కించుకుని, మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీదికొచ్చాక కూడా క్యాచర్‌కి నాలుగు బంతులు వేసుకునేవాడు. శంఖచక్రాలు మరిచిపోయి వచ్చే మనిషా? చక్రం ఒక్కటే తెచ్చుకునేవాడు, కట్టర్ అనే బంతి. నేరుగా వస్తున్నట్టే ఉండి, ఆఖరి క్షణంలో ఎడమచేతి బ్యాటర్ గుప్పిట్లోకి దూరి బ్యాటు విరగ్గొట్టేది. 2013లో రిటైరవుతుంటే మినెసోటా ట్విన్స్ వాళ్లు విరిగిన బ్యాట్లతోనే ఊగే కుర్చీ చేయించి ఇచ్చారు!

పాత అచ్చు:
చక్రం లేకపోవడం గురించి శ్రీనాథుడి చాటుకథ ఉండనే ఉంది. ఆయుధం లేకుండా వెళ్లి ఏం చేస్తాడయ్యా మీ విష్ణువు అని ఆయన ఎగతాళి చేశాడట. పోతన బావిలో రాయి పడేసి పిల్లాడు పడ్డాడని కేకేస్తే, తాడూ నిచ్చెనా లేకుండా పరుగెత్తింది కూడా శ్రీనాథుడేనట. కట్టుకథే కానీ, పద్యానికి అంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

మిరపతోట:
పోతన దగ్గరికి వచ్చాం కాబట్టి, ‘గజప్రాణావనోత్సాహియై’ చూడండి. ప్రాణ, అవన. అవనం అంటే కాపాడటం. బేస్‌బాల్ ‘సేవ్’కి రెడీమేడ్ మాట! రివేరావి 652 అవనాలు.

కట్టర్ అభిమాని:
అక్కడే నా అభ్యంతరం. 1969 నుంచి అధికారికంగా లెక్కపెడుతున్న ఈ ‘సేవ్’ జట్టు ఆధిక్యంలో ఉన్నప్పుడు వచ్చి ఆట ముగించినవాడికి దక్కుతుంది. మూడు పరుగులు చేతిలో పెట్టుకుని తొమ్మిదో ఇన్నింగ్స్ ఆడితే అదీ సేవే. మొసలి ఇంకా మడుగు దిగనే లేదు, ఎవరి ప్రాణం కాపాడినట్టు? రివేరా 1996లో చేసినది అసలు అవనం. వెట్‌లాండ్ క్లోజర్‌గా (ఆఖర్న వచ్చి ఆట ముగించే పిచర్‌గా) ఉంటే, ఈయన అంతకుముందే వచ్చి రెండేసి ఇన్నింగ్స్ మోసేవాడు. ఖాతాలో సేవ్‌లు అయిదే.

ఎడమచేతివాటం:
2003 అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్ ఏడో మ్యాచ్ మరిచిపోయారా? రెడ్ సాక్స్‌తో 5-5 దగ్గర వచ్చి తొమ్మిది, పది, పదకొండు, మూడు ఇన్నింగ్స్‌లూ పరుగివ్వకుండా నిలబడ్డాడు. యాంకీస్ బ్యాటర్ ఆరన్ బూన్ హోమ్ రన్ కొట్టగానే మౌండ్ మీద బోర్లా పడి ఏడ్చాడు. దానికి సేవ్ రాయరు, గెలుపు రాస్తారు. నా వ్యాసంలో పద్యం పెట్టేది అక్కడే.

ద్రుతం:
2001 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో అరిజోనా మీద 2-1తో వచ్చి, బంట్ (బ్యాటుతో మెల్లగా తాకించి వదిలిన బంతి) పట్టుకుని రెండో బేస్‌కి గురి తప్పి విసిరి, చివరికి గొంజాలెజ్ చేతిలో ఓడిన రాత్రికి ఏ పద్యం పెడతారు? ‘లావొక్కింతయు లేదు’ కదా? అందులో ‘లావు’ని నేను బలం అనే చదువుతాను.

పాత అచ్చు:
బలమే. అందులో వివాదమేమీ లేదు.

మిరపతోట:
మూడో పాదం సంగతి ఎవరూ ఎత్తరేం? ‘ఆకర్ణికాంతర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు’. చెవుల మీదికి జారిన జుట్టు సవరించుకోకుండా వస్తే యాంకీస్ వాళ్లు లోపలికి రానిచ్చేవారా? కాలర్ దాటితే కత్తిరించుకోవాల్సిందే.

పాత అచ్చు:
చెవుల మీదికి అని ఎలా చెప్పారు? కర్ణిక అంటే చెవికమ్మ. జుట్టు జారింది కమ్మ దాకానా, కమ్మ లోపలికా? ‘అంతర’కి మీరు ఏ అర్థం తీసుకుంటున్నారో ముందు చెప్పండి.