కెనడా సంగీత రంగంలో వేదిక వెనుక ఉద్యోగాలు: అనుభవమున్నవారు తెలియజేయగలరు

గోదావరి_ధ్వని:
అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం దగ్గర పల్లెటూరు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేశాక హైదరాబాదులో ఒక సౌండ్ సంస్థలో చేరి, పెళ్లిళ్లకు, సభలకు, సినిమా పాటల విడుదల వేడుకలకు మిక్సర్ దగ్గర పనిచేశాను. ఇటీవల శాశ్వత నివాసం మీద కుటుంబంతో సహా బ్రాంప్టన్ వచ్చాం. పాడటం, వాయించటం నాకు రావు గాని, సంగీతం చుట్టూ ఉండే పనిని వదులుకోవటం ఇష్టం లేదు. ఇక్కడ ఒక ప్రైవేటు సంస్థవారు రికార్డింగ్ కోర్సులో చేరితే స్టూడియో ఉద్యోగం ఖాయమని చెప్పి పెద్ద మొత్తం కట్టమంటున్నారు. కట్టే ముందు, ఈ రంగంలో ఉన్నవారు అసలు పని ఎక్కడ దొరుకుతుందో చెబితే మేలు చేసినవారవుతారు.

మిస్సిసాగా_మిక్సర్:
గోదావరి గారూ, ముందుగా ఆ డబ్బు కట్టకండి. కోర్సులన్నీ పనికిరానివని నా ఉద్దేశం కాదు. ఇక్కడి ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరపు ఫాన్‌షా కళాశాలలో, టొరంటో హంబర్‌లో ఈ విద్యకు మంచి పేరుంది. మా మిస్సిసాగాలోనే మెటల్‌వర్క్స్ స్టూడియోకు అనుబంధంగా ఒక శిక్షణ సంస్థ నడుస్తోంది. అయితే స్టూడియో ఉద్యోగం ఖాయమని ఎవరు చెప్పినా నమ్మవద్దు. వాంకూవర్‌లో లిటిల్ మౌంటెన్ స్టూడియో, క్యూబెక్ కొండల్లో మోరిన్ హైట్స్ దగ్గరి లె స్టూడియో ఒకప్పుడు ప్రపంచమంతటి నుంచీ బృందాలు వెతుక్కుంటూ వచ్చిన చోట్లు. మొదటిది తొంభైలలో మూతపడింది. రెండవది పాడుబడి, చివరకు 2017లో అగ్నికి ఆహుతైంది. పాటలు చాలావరకు ఇళ్లలోనే తయారవుతున్న ఈ కాలంలో, జీతమిచ్చి ఇంజనీరును పెట్టుకోగల స్టూడియోలు బాగా తగ్గిపోయాయి.

మీకు ఇప్పటికే చేతిలో ఉన్న విద్య ప్రత్యక్ష కచేరీల ధ్వని. దానికి ఇక్కడ గిరాకీ ఉంది. పని ఎలా సాగుతుందో ఒక రోజును చూపిస్తే తేలికగా అర్థమవుతుంది. సాయంత్రం కచేరీ అయితే ఉదయమే లారీలు హాలు వెనుక దించే చోటికి చేరతాయి. మొదట రిగ్గర్లు పైకప్పు దూలాలకు మోటారు గొలుసులు వేస్తారు; తరువాత లైట్లు తగిలించే లోహపు చట్రాలు (ట్రస్సులు), వాటి వెనుక స్పీకర్ల వరుసలు పైకి లేస్తాయి. కళాకారుల బృందం ముందే పంపిన ఇన్‌పుట్ జాబితాను, వేదిక పటాన్ని చేతిలో పెట్టుకుని ప్యాచ్ చూసే వ్యక్తి ఒక్కొక్క తీగనూ దాని ఛానెల్‌కు చేరుస్తాడు. ఆ తరువాత ఒక్కొక్క తీగలో ధ్వని వస్తోందో లేదో చూసే లైన్ చెక్, చివరన బృందం వాయించి చూసుకునే సౌండ్ చెక్. హైదరాబాదులో ఈ పనులన్నీ ఒకరిద్దరే చూసుకోవటం మీకు అలవాటై ఉంటుంది. ఇక్కడ ప్రేక్షకులు వినే ధ్వనిని మిక్స్ చేసేవారు వేరు, వేదిక మీది కళాకారులకు వినిపించే స్పీకర్లను (మానిటర్లను) చూసేవారు వేరు, స్పీకర్ వ్యవస్థను హాలుకు సరిపెట్టే సిస్టమ్ టెక్నీషియన్ వేరు. కొత్తగా చేరినవారు ప్యాచ్ దగ్గర, తీగలు చుట్టే దగ్గర మొదలుపెడతారు. హోదాలో ఒక మెట్టు దిగినట్టు అనిపించినా అందులో చిన్నతనమేమీ లేదు. మంచి మానిటర్ ఇంజనీర్లందరూ అక్కడి నుంచి వచ్చినవారే.

మీరు ఎక్కువగా అక్కరకు వచ్చేది మన కచేరీలలో. తెలుగు సినిమా సంగీత దర్శకులు ఇక్కడికి బృందంతో వచ్చినప్పుడు ప్రేక్షకుల వైపు మిక్స్ చేసే మనిషిని వెంట తెచ్చుకుంటారు గాని, పరికరాలూ మిగిలిన సిబ్బందీ స్థానిక సంస్థలవే. ఘటానికి మైకు ఎక్కడ పెట్టాలో, మృదంగం రెండు వైపులా వేర్వేరు మైకులు ఎందుకు అడుగుతారో, వీణకు అంటించిన పికప్ ఎప్పుడు కూత పెడుతుందో తెలిసినవారు ఆ సిబ్బందిలో అరుదు. మరొక చిన్న విషయం: ఇక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన ఊరి 230 వోల్టులకు మాత్రమే తయారైన శ్రుతిపెట్టె, కీబోర్డు అడాప్టరు ఇక్కడ పనిచేయవు. వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మరు ఒకటి సంచిలో ఉంచుకున్న వ్యక్తిని కళాకారులు గుర్తుపెట్టుకుంటారు, మళ్లీ పేరుపెట్టి అడుగుతారు.

విన్నిపెగ్_వేదిక:
పై మాటలతో ఏకీభవిస్తూ యూనియన్ సంగతి కలుపుతున్నాను. పెద్ద హాళ్లలో, అరీనాలలో రంగస్థల పని చాలావరకు ఐయాట్సీ అనే సంఘం శాఖల చేతిలో ఉంటుంది. టొరంటోది 58వ శాఖ, వాంకూవర్‌ది 118వది. మొదటి రోజే సభ్యత్వం రాదు. సభ్యులు చాలని రోజులలో బయటివారిని పర్మిట్ మీద పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ చెప్పిన వేళకు పావుగంట ముందుండి, ఉక్కు ముక్కున్న బూట్లు వేసుకుని, ఫోను జేబులోనే ఉంచుకుని పనిచేసినవారి పేరు జాబితాలో క్రమంగా పైకి వస్తుంది. భద్రతా శిక్షణ పత్రాలు ముందే తెచ్చుకోవటం మంచిది.

మా వైపు ఇంకొక సమస్య ఋతువులది. జూన్ నుంచి ఆగస్టు వరకు జానపద సంగీతోత్సవాలతో ఊపిరి సలపదు, జనవరిలో పని పలచబడుతుంది. వేసవి సంపాదనను శీతకాలానికి సర్దుకోవటం తెలియనివారు రెండేళ్లలో ఈ రంగం వదిలిపెట్టి గిడ్డంగి ఉద్యోగాలకు వెళ్లటం నేను చూస్తూనే ఉన్నాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఫ్రీలాన్సుగా పనిచేసేవారికి పన్ను ఎవరూ ముందుగా కోయరు. పెన్షన్ ప్లానులో యజమాని వాటా, ఉద్యోగి వాటా రెండూ మనమే కట్టుకోవాలి. వరుసగా నాలుగు త్రైమాసికాలలో రాబడి 30,000 డాలర్లు దాటితే అమ్మకపు పన్నుకు నమోదు చేసుకోవాలి. వచ్చిన ప్రతి చెక్కులో కొంత భాగాన్ని వేరే ఖాతాలో వేసి, దాని జోలికి పోకుండా ఉండటం ఈ వృత్తిలో మైకు పట్టుకోవటమంత ముఖ్యం.

రాయల్టీ_లెక్క:
ఇప్పటివరకు మాట్లాడినవారు వేదిక పక్కన నిలబడే పనుల గురించి చెప్పారు. నేను కాగితాల వైపు మనిషిని. ఈ దేశంలో సంగీతం ఒక పరిశ్రమగా నిలబడటానికి కారణం ప్రభుత్వ నియమాలు, వసూలు సంఘాలు, ప్రోత్సాహక నిధులు. ఈ మూడింటి చుట్టూ క్రమమైన జీతంతో, ప్రమాద భయం లేకుండా చేసుకోగల ఉద్యోగాలున్నాయి. మనవాళ్లలో లెక్కలు, డేటా, న్యాయశాస్త్రం చదివినవారు ఎందరో ఉన్నా ఇటు చూడటం లేదన్నది నా ఆవేదన.

కొంచెం వివరంగా చెబుతాను. 1971 నుంచి కెనడా రేడియోలో కొంత శాతం పాటలు కెనడావే కావాలని ప్రసార నియంత్రణ మండలి నిబంధన పెట్టింది. మొదట 30 శాతం, 1999 నుంచి వాణిజ్య రేడియో కేంద్రాల ప్రజాదరణ సంగీతానికి 35 శాతం. ఏది కెనడా పాట అని తేల్చటానికి నాలుగు అంశాలు చూస్తారు: స్వరం, కళాకారుడు, ప్రదర్శన లేదా రికార్డింగ్ జరిగిన చోటు, సాహిత్యం. కనీసం రెండు కుదరాలి. కెనడా గాయకుడు బ్రయన్ ఆడమ్స్ 1991 నాటి ఆల్బమ్ పాటలు విదేశీ సహరచయితతో రాసినవి కావటం వలన ఆ లెక్కకు అందలేదు. పెద్ద గొడవ జరిగి 1993లో సహరచన నియమాన్ని సవరించారు. శాశ్వత నివాసి కూడా ఈ లెక్కలో కెనడియనే కనుక, ఇక్కడ స్థిరపడిన తెలుగు స్వరకర్త పాట కూడా ఈ పరీక్షలో నెగ్గగలదు. ఈ వివరాలు సరిచూసి దాఖలు చేసేవారు రికార్డు కంపెనీలలో, రేడియోలలో, పంపిణీ సంస్థలలో ఉంటారు.

తరువాతిది వసూళ్లు. పాట రాసినవారికి, స్వరపరచినవారికి ప్రదర్శన రుసుము చేర్చే సోకాన్ 1990లో రెండు పాత సంఘాల కలయికతో ఏర్పడింది. రికార్డింగులో వాయించినవారికి, దాని యజమానికి చెరిసగం పంచే వ్యవస్థ రీ:సౌండ్‌ది. టికెట్లు పెట్టి ప్రజాదరణ సంగీత కచేరీ జరిపితే వసూళ్లలో 3 శాతం సోకాన్‌కు చెల్లించాలన్న టారిఫ్ ఉంది. టొరంటోలో ఒక తెలుగు సంఘం సినిమా పాటల రాత్రి జరిపినప్పుడు కూడా ఆ రుసుము వర్తిస్తుంది. అది సోకాన్ ద్వారా భారతదేశంలోని వసూలు సంఘం ఐ.పి.ఆర్.ఎస్.కు, అక్కడి నుంచి ఆ పాట రాసిన కవికి చేరవలసిన సొమ్ము. 2012 నాటి చట్ట సవరణ భారతదేశంలో సినీ గేయ రచయితకు ఈ వాటా మీద వదులుకోలేని హక్కు ఇచ్చింది. అయితే పాడిన పాటల పట్టిక సరిగా అందకపోతే డబ్బు దారి తప్పుతుంది. ఒకే తెలుగు పల్లవిని ఇంగ్లీషు అక్షరాలలో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. రచయిత పేరులో ఇంటిపేరు ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు వెళుతుంది. డబ్బింగ్ పాటకు తమిళ మూలం రచయిత పేరే మిగిలిపోతుంది. పట్టికలోని వరుసను నమోదైన కృతితో కలిపే పనిలో కూర్చున్న మనిషికి తెలుగు వస్తే ఆ కవి ఇంటికి చెక్కు వెళుతుంది, రాకపోతే వెళ్లదు. ఇంతకన్నా తృప్తినిచ్చే గుమాస్తా పని నాకు కనబడలేదు.

ప్రోత్సాహక నిధుల గురించి ఒక్క మాట. 1982లో ఏర్పడిన ఫాక్టర్ అనే సంస్థ, రాష్ట్రాల నిధులు కళాకారులకు రికార్డింగుకు, పర్యటనలకు సహాయం చేస్తాయి. దరఖాస్తులో బడ్జెట్ వేయటం, రసీదులు కూర్చటం, పని పూర్తయ్యాక నివేదిక సమర్పించటం చాలామంది గాయకులకు చేతకాదు. ఆ పనిని కొందరు పూర్తికాల వృత్తిగా చేస్తున్నారు.

హామిల్టన్_విద్యార్థి:
నేను స్టడీ పర్మిట్ మీద ఉన్నాను. సౌండ్ డిప్లొమాకు మారి, తరువాత ఫ్రీలాన్సుగా పనిచేసి శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

రాయల్టీ_లెక్క:
తమ్ముడూ, గోదావరి గారి పరిస్థితి వేరు, నీది వేరు. ఇది జాగ్రత్తగా చదువు. 2024 నవంబరు 1న గాని, ఆ తరువాత గాని స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారికి, డిగ్రీ కాని కళాశాల కోర్సు అయితే, చదివిన విషయం ప్రభుత్వ జాబితాలో ఉంటేనే చదువు తరువాతి వర్క్ పర్మిట్ వస్తుంది. వైద్యం, సాంకేతికం, నిర్మాణ వృత్తులు వంటి రంగాల చుట్టూ తయారైన జాబితా అది. సంగీత కోర్సుల కోసం తయారు చేసింది కాదు. ప్రైవేటు సంస్థలలో చాలావాటికి ఆ పర్మిట్ అర్హతే లేదు. పైగా ఇక్కడి ఉద్యోగానుభవం మీద శాశ్వత నివాసమిచ్చే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో స్వయం ఉపాధి అనుభవాన్ని సాధారణంగా లెక్కించరు. ఈ రంగంలో మొదటి ఏళ్ల పని ఎక్కువ భాగం స్వయం ఉపాధే. కళాకారులకు ఆసరాగా ఉన్న స్వయం ఉపాధి పథకానికి 2024 ఏప్రిల్ 30 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవటం ఆపేశారు. కాబట్టి కోర్సు మారకముందే లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడు. నీ చదువు పూర్తిచేసి, వారాంతాలలో అనుమతించిన గంటల లోపల కచేరీలకు పనిచేస్తూ అనుభవం సంపాదించుకోవటం నాకు క్షేమంగా కనిపిస్తోంది.

మాంట్రియల్_శ్రుతి:
రికార్డింగ్ మీదనే మనసున్నవారి కోసం రెండు మాటలు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సౌండ్ రికార్డింగ్ స్నాతకోత్తర విద్య ఉంది; సంగీత జ్ఞానం, చెవి సాధన రెండూ గట్టిగా కోరతారు. ఏ పౌనఃపున్యంలో ఎంత పెంచారో విని చెప్పే అభ్యాసం నెలల తరబడి చేయిస్తారు. అక్కడ చదివినవారిలో అందరూ ఆల్బమ్‌ల వైపే వెళ్లరు. మా నగరంలో, వాంకూవర్‌లో వీడియో గేముల సంస్థలు, సినిమా, టెలివిజన్ ధ్వని విభాగాలు ఇంజనీర్లను తీసుకుంటున్నాయి. మాంట్రియల్ వేదికల మీద పనిచేయాలంటే ఫ్రెంచి రావాలి. హెడ్‌సెట్‌లో సూచనలు ఆ భాషలోనే వస్తాయి.

వాద్యాల మరమ్మత్తు కూడా ఒక వృత్తే. చలికాలంలో హీటర్ల వలన ఇళ్లలో తేమ పడిపోయి పనసచెక్క వీణలు బీట వేస్తాయి, మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడే వేసవిలో ఆ మెట్లు కదులుతాయి. గిటారు బాగుచేసేవారు ప్రతి ఊళ్లో ఉన్నారు గాని, వీణకు మేళం కట్టగలిగినవారి (మైనంలో మెట్లు అమర్చేవారి) కోసం ఇక్కడి సంగీతం టీచర్లు వెతుకుతూనే ఉంటారు.

గోదావరి_ధ్వని:
ఇంత వివరంగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. కోర్సు ఆలోచన మానుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది: ఇక్కడి బృందాలతో అమెరికా పర్యటనకు సిబ్బందిగా వెళ్లాలంటే సందర్శక వీసా సరిపోతుందా? ఒక బృందంవారు ఫరవాలేదంటున్నారు.

విన్నిపెగ్_వేదిక:
సరిపోదు, వారి మాట మీద సరిహద్దు దగ్గరకు వెళ్లకండి. అక్కడ కచేరీకి పనిచేయటం ఉద్యోగమే అవుతుంది. కెనడా సంగీతకారుల సమాఖ్య ద్వారా పి-2 అనే కళాకారుల అమెరికా వీసా వర్గం తీసుకునే బృందాలకు తోడుగా వెళ్లే అవసర సిబ్బందికి పి-2ఎస్ అని వేరే వర్గం ఉంది. మిమ్మల్ని ఆ పిటిషన్‌లో పేరు పెట్టి చేర్చాలి. భారతీయ పాస్‌పోర్టు మీద ఉన్నారు కనుక పిటిషన్ ఆమోదం తరువాత కాన్సులేటులో వీసా ముద్ర కూడా కావాలి, దానికి అపాయింట్‌మెంటు దొరకటం ఆలస్యమవుతుంది. పర్యటన తేదీలు ఖరారైన రోజే మేనేజరును ఈ రెండు విషయాలూ అడగండి. పరికరాల జాబితా సీరియల్ నంబర్లతో సహా తయారుచేసే పని ఎవరూ కోరుకోరు. అది మీరు తీసుకుంటానంటే చాలా మేనేజర్లు సంతోషంగా అప్పగిస్తారు.