ఆన్‌లైన్ జట్టు పనికి మార్కులు ఎలా వేస్తున్నారు?

ప్రశ్న: డిగ్రీలో గణాంకశాస్త్రం చెబుతాను. అయిదుగురు కలిసి గూగుల్ డాక్స్‌లో నివేదిక రాయాలన్నాను. మార్పుల చరిత్ర తెరిస్తే, చివరి రాత్రి ఒకే అమ్మాయి మొత్తం రాసినట్లుంది. అందరికీ ఒకే మార్కు వేయడానికి మనసొప్పడం లేదు.

జవాబు 1: ఆ చరిత్రనే నమ్ముకోకండి మేడమ్. మా జట్టులో లెక్కలు ఇద్దరు ఫోనులో తేల్చేవారు, టైపు చేసేది మాత్రం నేను.

జవాబు 2: మూడిల్‌లో (ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్) వర్క్‌షాప్ అనే విభాగం వాడండి, అందులో విద్యార్థులే ఒకరి పని ఒకరు దిద్దుతారు. సొంత పనికి ఒక మార్కు, తోటివారి పని దిద్దినందుకు మరొకటి. మామూలుగా 80, 20 ఉంటాయి, మార్చుకోవచ్చు. దేనికి ఎన్ని మార్కులో కొలమానం ముందే రాసివ్వకపోతే స్నేహితులు పూర్తి మార్కులు పంచుకుంటారు!

ప్రశ్న వేసినవారు: సరే, ఎవరు ఏం చేశారో ఎవరికి వారే రాసివ్వమంటాను. దిద్దడం మాత్రం పేర్లు కనబడకుండానే. మా కళాశాలలో సగం మంది చుట్టాలు.