నెట్ మీటర్ బిల్లులో ఎక్స్‌పోర్ట్ తక్కువ చూపిస్తోంది, మీకూ ఇంతేనా?

మేడమీదఎండ:
పీఎం సూర్యఘర్ పథకం కింద మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాం. సబ్సిడీ 78,000 పడింది. పోయిన నెల యాప్‌లో జనరేషన్ 350 యూనిట్లు, బిల్లులో ఎక్స్‌పోర్ట్ 210. మిగతా 140 ఎటు పోయాయి? మిగులు యూనిట్లకు డబ్బు ఎప్పుడిస్తారు? ఇంకో 2 కిలోవాట్లు కలిపితే లాభమేనా?

పాతలైన్‌మన్:
ఎటూ పోలేదు సార్, మీ ఇంట్లోనే ఖర్చయ్యాయి. పగలు ఫ్రిజ్, మోటారు, ఏసీ వాడుకోగా మిగిలిందే మీటరు దాటి బయటి లైన్లోకి వెళ్తుంది, అదే ఎక్స్‌పోర్ట్. జనరేషన్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు. సర్వీసంతా మీటర్ల మధ్యే గడిపాను, ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ విన్నదే.

గోదారిగట్టు:
అందరూ మీటరుకే వత్తాసు! మా ఇంట్లో పగలు మనుషులే ఉండరు. ఫ్రిజ్ ఒక్కటే నడుస్తుంది. అది నెలకు 140 యూనిట్లు తాగుతుందా?

పాతలైన్‌మన్:
140 ఆయన లెక్క, మీది కాదు. మీ లెక్క తేలాలంటే ఎండ బాగా ఉన్నప్పుడు బోర్డులో ఇంటి లోడ్ ఎంసీబీ స్విచ్‌లన్నీ దించండి. మెయిన్ మాత్రం ముట్టుకోవద్దు, అది దించితే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరే ఆగిపోతుంది. నెట్ మీటరులో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి, అందులో ఎక్స్‌పోర్ట్ కేడబ్ల్యూహెచ్ రాసుకోండి. గంట తర్వాత మళ్లీ చూడండి. ఇన్వర్టర్‌లో పెరిగింది, మీటరులో పెరిగింది దాదాపు సరిపోవాలి. పోకపోతే మీటరు టెస్టింగుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.

గోదారిగట్టు:
చూశాను. మధ్యాహ్నం ఇన్వర్టర్ ఎర్ర లైటుతో ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అంటోంది. ఇదిగో, నా యూనిట్లు పోయేది ఇక్కడే!

పాతలైన్‌మన్:
అది మీటరు తప్పు కాదు, లైన్లో వోల్టేజీ ఎక్కువై జనరేషనే ఆగిపోవడం. ఇందాకటి నుంచీ మీరు రెండూ కలిపేస్తున్నారు.

గోదారిగట్టు:
పేరేదైనా నష్టం నాదే కదా! ఫిర్యాదు చేస్తే వచ్చి చూసి వెళ్లారు, అంతే. మీ డిపార్ట్‌మెంటును వెనకేసుకురావద్దు.

రేకులషెడ్డు:
మా వీధి చివర కూడా ఇదే. మధ్యాహ్నం వోల్టేజీ 260 దాటేది. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ సర్దే ట్యాప్ మార్చాక ఆగింది. ఇన్వర్టర్ లిమిట్ పెంచేస్తానని వెండర్ అంటే ఒప్పుకోకండి, ఇంట్లో వస్తువులు పోతాయి.

వేపచెట్టునీడ:
మాకు సబ్సిడీయే ఆగింది. కరెంటు సర్వీసు మా మామగారి పేరున ఉంది, దరఖాస్తు మావారి పేరున పెట్టాం. ముందు బిల్లు మీద పేరు మార్పించుకోండి. ఇది ఎవరూ చెప్పరు.

ఉక్కపోత:
కరెంటు పోతే సోలారూ ఆగుతోంది. నెత్తిన మండుటెండ, ఇంట్లో ఫ్యాన్ తిరగదు. ఇంత డబ్బు పోసింది ఇందుకా?

పాతలైన్‌మన్:
అలా ఆగకపోతే స్తంభం ఎక్కినవాడు చచ్చిపోతాడు. లైను ఆఫ్ అయిందనుకుని చెయ్యి పెడతాడు, మీ మేడ మీది కరెంటు అతన్ని కొడుతుంది. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఆగి తీరాలి. నాతో పనిచేసినవాళ్లు గుర్తొస్తారు, ఈ మాట మీద కోపం ఆపుకోలేను.

ఉక్కపోత:
క్షమించండి బాబాయ్ గారూ, అంత దూరం ఆలోచించలేదు. మరి దారేమిటి?

రేకులషెడ్డు:
బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్. ఖర్చు ఎక్కువే. కోతలు ఎక్కువున్న ఊరైతే తప్ప వద్దు.

లెక్కలమాస్టారు:
అసలు ప్రశ్న గాలికి పోయింది. సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. ఆపైన ఎంత పెట్టినా 78,000 దాటదు. ఇంట్లో వాడిన యూనిట్ మీకు స్లాబు రేటు మిగులుస్తుంది. మిగులు యూనిట్‌కు విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయించిన రేటే, అది సాధారణంగా తక్కువ. డబ్బు నెలనెలా చేతికి రాదు, యూనిట్లు తర్వాతి బిల్లుకు జమవుతాయి, సెటిల్‌మెంట్ గడువుకే లెక్క తేలుతుంది. బిల్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ చార్జీలు కట్టాల్సిందే. కొత్తగా ఏసీయో ఎలక్ట్రిక్ బండో కొంటే 2 కిలోవాట్లు కలపండి, అమ్ముకోవడానికైతే వద్దు.

వేపచెట్టునీడ:
మే నెలలో జనరేషన్ మార్చి కంటే తగ్గింది. ఎండ ఎక్కువైతే పెరగాలి కదా?

లెక్కలమాస్టారు:
ప్యానెల్ వాటేజీ కొలిచేది 25 డిగ్రీల దగ్గర. కావాల్సింది వెలుగు, వేడి కాదు. పలక కాగేకొద్దీ దిగుబడి పడిపోతుంది. దానికితోడు దుమ్ము. తెల్లవారుజామున కడగండి. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోయొద్దు, పగిలే ప్రమాదం ఉంది.

గోదారిగట్టు:
రేకులషెడ్డు గారూ, ట్యాప్ మార్చమని అర్జీ ఎవరికి ఇచ్చారు? ఏఈకా (అసిస్టెంట్ ఇంజినీర్), పైవాళ్లకా?