అర్ధరాత్రి పైరేట్ రేడియో (లైసెన్స్ లేకుండా నడిపే స్టేషన్): మీలో ఎవరైనా నడిపారా, విన్నారా?

రేయిగొంతు: పదిహేనేళ్లప్పుడు నాలుగు నెలలు నేను నడిపాను. ఒకే ట్రాన్సిస్టర్ భాగంతో చేసిన చిన్న ట్రాన్స్‌మిటర్, 9 వోల్టుల బ్యాటరీ, యాంటెన్నాగా జానెడు తీగ. తీగ దగ్గరికి చెయ్యి వెళ్తే చాలు, ఫ్రీక్వెన్సీ జరిగిపోయేది. అందుకే చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా మాట్లాడేవాణ్ని. పగలంతా ఇంట్లో 'ఊ', 'ఆ' తప్ప మాట లేదు. రాత్రి మాత్రం గంటసేపు ఆపేవాణ్ని కాదు. ఎవరైనా విన్నారో లేదో ఇప్పటికీ తెలీదు.

పాతయాంటెన్నా: కుర్రాళ్ల గోల అని తీసిపారేయకండి. బీబీసీలో పాప్ పాటలకు దొరికే సమయం చాలా తక్కువగా ఉన్న రోజుల్లో, 1964లో రోనన్ ఓరహిలీ ఇంగ్లండ్ తీరానికి దూరంగా ఓడ మీద రేడియో కారొలైన్ పెట్టాడు. పిల్లలు ఎగబడి విన్నారు. 1967 ఆగస్టులో చట్టం అమల్లోకి తెచ్చి చాలా ఓడ రేడియోల నోరు నొక్కారు. సెప్టెంబరు 30న బీబీసీయే రేడియో 1 అనే పాప్ స్టేషన్ మొదలుపెట్టింది. అందులో మొదట వినిపించిన డీజే టోనీ బ్లాక్‌బర్న్ ఎక్కడివాడనుకున్నారు? కారొలైన్‌లో పనిచేసినవాడే! లండన్‌లో రిన్స్ ఎఫ్‌ఎం కూడా 1994 నుంచి లైసెన్స్ లేకుండానే నడిచింది. లైసెన్స్ 2010లో వచ్చింది. గ్రైమ్ అనే లండన్ ర్యాప్ సంగీతం పెరిగింది అలాంటి స్టేషన్లలోనే.

వేవ్‌లెంగ్త్: అన్నీ నిజమే గానీ, ఒక మాట. ఎఫ్‌ఎం 108 మెగాహెర్ట్జ్‌తో అయిపోతుంది, ఆ పైనే విమానాల రేడియో సంకేతాల బ్యాండ్. సరిగా కుదరని ట్రాన్స్‌మిటర్ అక్కడికీ పాకుతుంది. ఇప్పటి పిల్లలు పాడ్‌కాస్ట్ చేసుకోవచ్చుగా?

రేయిగొంతు: ఆ ప్రమాదం అప్పట్లో నాకు తెలీదండీ, ఇప్పుడైతే చెయ్యను. కానీ పాడ్‌కాస్ట్ అలాగే ఉండిపోతుంది, రేపు క్లాసులో వినిపించి ఏడిపిస్తారు. రేడియోలో అన్న మాట అక్కడితో పోతుంది. ఏడ్చినా పోతుంది. ఆ వయసులో నాకు కావలసింది అదే.

పక్కగది: నేను తండ్రిని. ఒక రాత్రి నిద్రపట్టక రేడియో తిప్పుతుంటే మావాడి గొంతు వినిపించింది. మొదట కోపం వచ్చింది. లేచి తలుపు దాకా వెళ్లాను. లోపల వాడు, "మా నాన్న నన్ను మార్కులు తప్ప ఇంకేమీ అడగడు" అంటున్నాడు. గోడ అవతల ఒకసారి, నా చేతిలోని రేడియోలో ఒకసారి, ఆ మాట రెండుసార్లు వినిపించింది. తలుపు కొట్టలేకపోయాను. తర్వాత పది రోజులు రోజూ విన్నాను. వాడికి ఏ పాటలు ఇష్టమో, ఎవరితో స్నేహం చెడిందో అప్పుడే తెలిసింది. పదకొండో రోజు అన్నం దగ్గర ఆ స్నేహితుడి గురించి అడిగాను. వాడు చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "ఎన్నాళ్ల నుంచి వింటున్నావు నాన్నా?" అన్నాడు.

రేయిగొంతు: సార్, మీరేం చెప్పారు?

పక్కగది: నిజమే చెప్పాను. ఆ రాత్రి స్టేషన్ రాలేదు. వాడే నా గదిలోకి వచ్చాడు.