మిస్సింగ్ కొడితే ముందు ప్లగ్గులు, కాయిల్స్ మార్చాలా? కంప్రెషన్ చూడాలా?

పాతబండి:
నా కారుకు పద్దెనిమిదేళ్లు. పెట్రోలు ఇంజిన్, నాలుగు సిలిండర్లు, ప్రతి ప్లగ్గు మీదా స్పార్క్‌కి వోల్టేజ్ ఇచ్చే కాయిల్ ఒకటి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో స్టీరింగ్ వణుకుతోంది. కాస్త రేస్ ఇస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. స్కానర్ పెడితే పి0302, అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్, ఆ సిలిండర్ సరిగ్గా మండటం లేదని. షెడ్‌లో నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిల్స్ మార్చేశారు. మూడు రోజులు హాయిగా నడిచింది. నాలుగో రోజు మళ్లీ అదే వణుకు, అదే కోడ్. ఇప్పుడు ఇంజెక్టర్లు మార్చమంటున్నారు. ముందు పార్టు మార్చి చూడటం సరైన పద్ధతేనా?

నిదానం:
కాదు. పి0302 అంటే రెండో సిలిండర్‌లో తేడా ఉందని మాత్రమే. ఎందుకని అది చెప్పదు. ఏ సిలిండర్ మండినా క్రాంక్ కొంచెం వేగం పుంజుకోవాలి. రెండోది మండాల్సిన వంతులో ఆ వేగం రాలేదని క్రాంక్ సెన్సర్ ద్వారా కంప్యూటర్ గమనించింది, అంతే. స్పార్క్ లేకపోయినా, పెట్రోలు అందకపోయినా, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కారిపోతున్నా కోడ్ ఒకటే. కాయిల్ మీద అనుమానముంటే రెండోదాన్ని తీసి మూడో దాంట్లో పెట్టి, కోడ్ చెరిపి, బండి నడిపితే సరి. కోడ్ పి0303 అయితే కాయిల్ దొరికినట్టే. పి0302 గానే ఉంటే కాయిల్ తప్పు లేదు. పది నిమిషాల పనికి నాలుగు కాయిల్స్ కొనిపించారు.

స్పానరు:
చెప్పడానికి బానే ఉంది గానీ, పద్దెనిమిదేళ్ల బండిలో ప్లగ్గులు ఎప్పుడు మార్చారో ఎవరికి గుర్తు? అరిగిన ప్లగ్గు గ్యాప్ పెరుగుతుంది. గ్యాప్ పెరిగితే స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ఆ భారమంతా కాయిల్ మీద పడి అదీ పోతుంది. అందుకే రెండూ కలిపి మార్చేస్తాం. నా చేతికొచ్చిన మిస్సింగ్ బళ్లలో ఎక్కువ వాటికి అక్కడితోనే తీరిపోయింది. ప్రతి బండికీ కూర్చుని కొలతలు తీస్తుంటే పని తెమలదు.

నిదానం:
ప్లగ్గుల వరకు ఒప్పుకుంటా అన్నా. వాటిని మార్చడమూ చూడటమూ ఒకే పని. కానీ తీసినవి చూశారా, చెత్తబుట్టలో పడేశారా? మూడు లేత గోధుమ రంగులో ఉండి రెండోది ఒక్కటే పెట్రోలుతో తడిగా ఉంటే స్పార్క్ లేదనో, కంప్రెషన్ చాలడం లేదనో అర్థం. నూనె జిడ్డుంటే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో పాడైనట్టు. పొడిగా, తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ అందుతోంది. ఇంకో మాట. మూడు రోజులు బాగుండటం కూడా ఒక ఆధారమే. కొత్త ప్లగ్గు పదునైన అంచుల మీద స్పార్క్ తేలిగ్గా దూకుతుంది కాబట్టి అసలు జబ్బును కొన్నాళ్లు కప్పేస్తుంది.

కార్బొరేటర్ కాలం:
మా రోజుల్లో స్కానర్ ఎక్కడిది? వైర్ల ద్వారా ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ బండి అయితే చీకట్లో బానెట్ తెరిచి, ప్లగ్ వైర్ల మీద నీళ్లు సన్నగా స్ప్రే చేసేవాళ్లం. లీకయ్యే వైరు నీలంగా మిణుకుమనేది. సైలెన్సర్ గొట్టం చివర కాగితం ముక్క పట్టుకుంటే బాగున్న ఇంజిన్ దాన్ని బయటికే తోస్తుంది. మధ్యమధ్యలో లోపలికి లాక్కుంటుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదేమోనని చూసుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైరు మాత్రం చేత్తో లాగొద్దు బాబూ, వేల వోల్టులు.

రాత్రి షిఫ్టు:
స్కానర్ ఉన్నప్పుడు ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే శాతం) కూడా చూడండి. ఐడ్లింగ్‌లో ప్లస్ 15, 20 శాతం చూపిస్తూ, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకొస్తే ఎక్కడో గాలి లీకు. రెండో సిలిండర్‌కి దగ్గర్లోనే మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) గ్యాస్కెట్ లీకైతే ఆ ఒక్కటే మిస్ కొట్టొచ్చు. ఒకటి మాత్రం పట్టించుకోండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, టపటపా ఆరి వెలగడం వేరు. అలా మెరుస్తుంటే మండని పెట్రోలు పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అప్పుడు బండి నడపకండి.

పాతబండి:
మీ మాటలు విని వేరే మెకానిక్ దగ్గరికెళ్లా. ట్రిమ్‌లో తేడా లేదు. వేడి ఇంజిన్ మీదే నాలుగు ప్లగ్గులూ విప్పి, పెట్రోలు సరఫరా, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ చూశారు. వరసగా 170, 115, 165, 172 పీఎస్ఐ. రెండో దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 120.

నిదానం:
ఆయిల్ రింగుల దగ్గరి సందును కాసేపు మూస్తుంది. కాబట్టి ఆయిల్ పోశాక బాగా పెరిగితే రింగుల తప్పు. పెరగలేదు కాబట్టి వాల్వ్ అనుకోవచ్చు. హెడ్ గ్యాస్కెట్ అయితే కూలెంట్ తగ్గుతుండాలి, లేదా పక్క సిలిండర్ కూడా పడిపోవాలి. ముందు ట్యాపెట్లు (వాల్వ్‌ను నొక్కే భాగాలు), వాటి సందు చూపించండి. ఇంజిన్ చల్లారాకే.

పాతబండి:
చూపించా. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ ట్యాపెట్‌కి 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. 0.10 ఫీలర్ గేజీ (సందు కొలిచే పలచటి రేకు) కూడా దూరలేదు. వేడెక్కితే వాల్వ్ సాగి పూర్తిగా మూసుకోవడం లేదట, అందుకే వేడి మీదే వణుకు. సెట్ చేశాక 150 వచ్చింది, వణుకు పోయింది. అన్నట్టు, ఈ బండిని ఎనిమిదేళ్లుగా గ్యాస్ కిట్ మీదే నడుపుతున్నా. చెప్పడం మరిచిపోయా.

నిదానం:
ఇది ముందే చెప్పొద్దా! గ్యాస్ మీద నడిచే ఇంజిన్‌లో వాల్వ్ సీట్లు త్వరగా అరుగుతాయి. సీటు అరిగితే వాల్వ్ పైకి జరిగి సందు తగ్గిపోతుంది. మొదటి పోస్టులోనే ఆ మాట ఉంటే ఇంత చర్చే అక్కర్లేదు.

స్పానరు:
సరే, ఇక్కడ నా పద్ధతి పనిచేయలేదు. కానీ మిగతావి 165, 172 ఉంటే ఇది 150 దగ్గర ఆగిందంటే వాల్వ్ అంచు కాలింది. ఇప్పుడే హెడ్ దించి గ్రైండింగ్ చేయించుకోండి.

నిదానం:
ఊరికే కాయిల్స్ కొనిపించినట్టే ఇదీనూ. సీటు మీద మసి ఉన్నా అంతే వస్తుంది. వెయ్యి కిలోమీటర్లు నడిపి, మళ్లీ కంప్రెషన్ గేజీ పెట్టండి. అప్పటికీ 150 దాటకపోతే అన్న చెప్పినట్టు హెడ్ దించండి.

స్పానరు:
ఆ వెయ్యి కిలోమీటర్లలో వాల్వ్ ఇంకా కాలితే?