నలభై మంది పిల్లలున్న బడిలో ఐదో తరగతి వరకూ వేయొచ్చా?

మియాపూర్_అమ్మ

మా వాడు ఈ జూన్‌కి రెండో తరగతికి వస్తాడు. ఇప్పుడున్న స్కూల్లో సెక్షన్‌కి 42 మంది, వారానికి మూడు స్లిప్ టెస్టులు. మార్కులు బాగానే వస్తాయి, అందులో కంప్లైంట్ లేదు. కానీ ఆదివారం పొద్దున కూడా లేవగానే "ఇవాళ ఏం టెస్ట్?" అంటాడు. గోళ్లు కొరికి కొరికి చిటికెన వేలు పుండు చేసుకున్నాడు. డైరీలో మాత్రం ఎర్ర పెన్నుతో "హ్యాండ్‌రైటింగ్ మెరుగుపడాలి" అని రాసి పంపారు.

శంకర్‌పల్లి వైపు ఒక చిన్న బడి చూసొచ్చాం. పాత పెంకుటిల్లు, చుట్టూ ఖాళీ స్థలం, మొత్తం కలిపి నలభై మంది పిల్లలు. ఒకటి, రెండు, మూడు తరగతుల వాళ్లంతా కలిసే కూర్చుంటారు. మూడో తరగతి దాకా పరీక్షలు ఉండవు. ఫీజు ఇప్పుడు కట్టేదానికి కాస్త అటూ ఇటూ. నాకు నచ్చింది. మా మామగారేమో "అక్కడ చదువు చెప్తారా, ఆడిస్తారా?" అంటున్నారు. ఆరులో మళ్లీ మామూలు స్కూలుకి మారిస్తే వాడు తట్టుకోగలడా అని మావారి టెన్షన్. వేసినవాళ్లూ, వేసి తీసేసినవాళ్లూ చెప్పండి.

లెక్కల_నాన్న

వద్దండీ. సూటిగా చెప్తున్నానని ఏమీ అనుకోకండి. మా తోడల్లుడి కూతురు ఇలాంటి చోటే ఐదు దాకా చదివింది. చక్కగా మాట్లాడుతుంది, బొమ్మలు వేస్తుంది, పెరట్లో ప్రతి మొక్క పేరూ చెప్తుంది. ఆరులో పెద్ద స్కూల్లో వేశారు. మొదటి యూనిట్ టెస్టులో సగం పేపరు ఖాళీ. గడియారం చూసుకుంటూ రాయడం ఆ పిల్లకి ఎప్పుడూ అలవాటు లేదు. ఎనిమిదో ఎక్కం దగ్గర ఆగి వేళ్లు లెక్కపెట్టుకుంటుంటే పక్క పిల్లలు నవ్వేవారట. ఏడాదంతా ట్యూషన్‌కి తిప్పారు.

మనకి నచ్చినా నచ్చకపోయినా చివరికి రాయాల్సింది ఎప్‌సెట్టో, జేఈఈనో, నీటో. ఆరు నుంచే ఫౌండేషన్ క్లాసులు పెడుతున్న ఊళ్లో ఉంటూ అవేవీ లేనట్టు పెంచితే ఎలా? పైగా ఇలాంటివాటిని ప్రత్యామ్నాయ బడులు అంటారు గానీ అక్కడ చేరేది కార్లున్న ఇళ్ల పిల్లలే. పనివాళ్ల పిల్లాడు ఒక్కడైనా కనిపించాడా మీకు?

పాత_టీచరు

లెక్కల నాన్నగారూ, ఎక్కాల సంగతి ఒప్పుకుంటాను. కార్ల సంగతి మాత్రం సగమే నిజం. రిషివ్యాలీ అనగానే మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన రెసిడెన్షియల్ స్కూలే అందరికీ గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లే నడిపిన చిన్న బడుల గురించి ఎవరూ మాట్లాడరు. అన్ని వయసుల పిల్లలూ కలిసే ఉంటారు. గోడ మీద నిచ్చెనలాంటి చార్టు ఉంటుంది. తను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లాడే చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని పని మొదలుపెడతాడు. వారం రోజులు జ్వరమొచ్చి మానేసినా ఆగిన మెట్టు నుంచే ఎక్కుతాడు. చదివేది రైతుల, కూలీల పిల్లలు. అక్కడ పుట్టిన పద్ధతే తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల దాకా వెళ్లింది. అంతకు ముందే 1972లో డేవిడ్ హార్స్‌బరో అనే విద్యావేత్త కర్ణాటకలోని కోలారు జిల్లాలో నీల్‌బాగ్ అనే బడి పెట్టి, పల్లె పిల్లల్ని వయసుతో పని లేకుండా కలిపి కూర్చోబెట్టి చెప్పాడు. కాబట్టి కలిపి కూర్చోబెట్టడం ఫ్యాషన్ అనుకోవద్దు.

మియాపూర్ అమ్మగారూ, ఈసారి వెళ్తే పెంకుటిల్లు చూడకండి. ఎవరైనా ఒక రెండో తరగతి బిడ్డ జూన్‌లో రాసిన పుస్తకం, ఇప్పుడు రాస్తున్న పుస్తకం పక్కపక్కన పెట్టి చూపించమనండి. "ఈ బిడ్డకి ఇంకా ఏం రాలేదు?" అని అడగండి. పిల్లల్ని చూస్తున్న టీచరైతే తడుముకోకుండా "ఒత్తుల దగ్గర ఆగుతోంది, తీసివేతలో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం మర్చిపోతోంది" అంటుంది. "ప్రతి బిడ్డా ప్రత్యేకమే కదండీ" అని నవ్విందంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి. నాకు 42 పుస్తకాలు దిద్దమని ఇస్తే నేనైనా టిక్కులే పెడతాను. చిన్న బడికి డబ్బు కట్టేది టిక్కు కన్నా ఎక్కువ చూస్తారనే. అది లేకపోతే మిగిలేది ఖాళీ స్థలమే.

కాగితాల_మనిషి

ఇంతసేపు మాట్లాడుకున్నారు, ఆ బడికి గుర్తింపు ఉందా అని ఒక్కరూ అడగలేదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 18 ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడపకూడదు. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా. అది వాళ్ల తలనొప్పి. మీ తలనొప్పి వేరే. యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వ లెక్కల్లో బడికిచ్చే నంబరు, లేని బడి అయితే మీ వాడి పెన్ నంబరు (ప్రతి పిల్లాడికీ ఇచ్చే శాశ్వత విద్యా నంబరు) ఎక్కడికీ కదలదు, ఆరులో చేర్చేటప్పుడు టీసీ అడిగితే చేతిలో ఏమీ ఉండదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలనీ, చేర్చుకోవడానికి పరీక్ష పెట్టకూడదనీ చట్టంలో ఉంది. ప్రైవేటు స్కూలు గేటు దగ్గర ఆ చట్టం చదివి వినిపించి చూడండి.

"ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్లో) రాయిస్తాం" అన్నారనుకోండి, వాళ్లు మామూలుగా చెప్పేది పదో తరగతి పరీక్ష గురించి, అది పద్నాలుగేళ్లు నిండాక. ఇంకోమాట, మీకు ఇప్పుడే పనికిరాదు గానీ చెప్తున్నా. చిన్న బడి అయ్యాక మదనపల్లెకో బెంగళూరుకో పంపిద్దాం అనుకునేవాళ్లుంటారు. తెలంగాణలో మెడికల్ సీట్ల స్థానిక కోటాకి, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ ఇక్కడే చదివుండాలన్నది ప్రధాన నిబంధన. తొమ్మిదికి ముందు ఆ లెక్క చూసుకోండి.

ఇంకా_అక్కడే

వేసి, ఇంకా తీయనివాళ్లం మేము. మా పాప ఇలాంటి బడిలోనే ఉంది. ఒక రోజు తీసుకురావడానికి ముందే వెళ్లాను. తక్కెడలో ఒక పక్క కిలో బాట్లు, ఇంకో పక్క చింతపండు. ముగ్గురు పిల్లలు ముప్పావు కిలో తూయాలి, కానీ 250 గ్రాముల బాటు కనబడటం లేదు. మా పాప పావుగంట ఆలోచించి, కిలో చింతపండు తూచి, దాన్ని రెండు పక్కలా సమంగా పంచి, అందులో ఒక సగాన్ని మళ్లీ పంచింది. టీచరు అక్కడే కూర్చుని ఒక్క మాట కూడా సాయం చేయలేదు. ఇప్పుడు భిన్నాలంటే దానికి భయం లేదు. ఎక్కాలు రావు, అవి ఇంట్లో రాత్రి అన్నం తిన్నాక మేమే చెప్పిస్తాం. చేసేది ఇంతే, ఏడ్చి మొత్తుకోవాల్సిన పని లేదు.

కానీ అసలు కష్టం ఎవరూ చెప్పరు. మా బడి ఇద్దరు మనుషుల మీద నడుస్తోంది. పోయినేడు సంవత్సరం మధ్యలో ఒక టీచరు మానేస్తే రెండు నెలలు ఆ గ్రూపుని తల్లులమే వంతులవారీగా చూశాం. అందుకే వాళ్లని అడగండి, మూడేళ్లకి పైగా ఉన్న టీచర్లు ఎంతమంది అని. ఇంకోటి, చిన్న బడికి ఫీజుతో పాటు మీ శనివారాలు కూడా కట్టాలి. మీటింగులు, తోటపని, "ఇంట్లో టీవీ తగ్గించారా?" లాంటి ప్రశ్నలు. మావారు ఇప్పటికీ గొణుగుతారు.

లెక్కల_నాన్న

చింతపండు బాగుంది. అది ఇంట్లో కూడా తూయొచ్చు కదా! మియాపూర్ నుంచి శంకర్‌పల్లి అంటే ఏడేళ్ల పిల్లాడు పొద్దున్నా సాయంత్రం వ్యానులో ఎంతసేపు కూర్చోవాలో ఎవరైనా లెక్కేశారా? టెన్షన్ తగ్గించడానికి వాడి ఆటల టైమంతా రోడ్డు మీద పెడుతున్నారు. మీ వీధి చివర సెక్షన్‌కి పాతిక మంది ఉన్న మామూలు బడ్జెట్ స్కూలు ఉందేమో ముందు చూడండి.

మియాపూర్_అమ్మ

అందరికీ థాంక్స్. ఫోన్ చేసి అడిగాను. గుర్తింపు ఐదు వరకూ ఉందట, యూడైస్ కోడ్ కూడా చెప్పారు. ఆరు నుంచి "అప్లై చేస్తున్నాం" అన్నారు. పుస్తకాలు చూపిస్తాం, బుధవారం రండి అన్నారు. టీచర్ల సంగతి అడిగితే మాత్రం కాసేపు ఆగి, "వచ్చాక మాట్లాడదాం" అన్నారు.

కాగితాల_మనిషి

అప్లై చేస్తున్నాం అంటే లేదని అర్థం. ఐదు వరకూ ఉన్న ఉత్తర్వు కాపీ కూడా బుధవారమే అడిగి చూడండి, ఎప్పటి వరకు చెల్లుతుందో తేదీ ఉంటుంది.

పాత_టీచరు

ఆవిడ అడిగింది ఐదు వరకే కదండీ. నాకైతే ఆ "వచ్చాక మాట్లాడదాం" దగ్గరే అనుమానం. మీరు వెళ్లినప్పుడు హెడ్‌తో కాకుండా ఆ గ్రూపు టీచరుతోనే మాట్లాడండి. వచ్చే జూన్‌కి మీరుంటారా అని మొహం మీదే అడగండి.