ఉద్యోగమా, సేవా? దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలి?

అందరికీ వందనాలండీ. బీటెక్ అయ్యాక బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. మా పాస్టర్ గారేమో బైబిల్ కాలేజీకి వెళ్లమంటున్నారు. ఇంట్లో అప్పులున్నాయి, చెల్లి చదువుంది. అమ్మ నోరు తెరిచి ఏమీ అనదు గానీ, వడ్డీ లెక్కల పుస్తకం నా ముందే తీసి చూసుకుంటుంది.

బైబిల్లో గిద్యోను దేవుని మాట ఖాయం చేసుకోడానికి గొర్రెబొచ్చు నేల మీద పరచి గుర్తు అడిగినట్టు, నన్నూ అడగమని ఒకరన్నారు. నాకది దేవుణ్ణి పరీక్షించినట్టే అనిపిస్తుంది (గిద్యోను కూడా భయపడుతూనే అడిగాడు లెండి). సామెతలు 3:6 (ఆయన్ని ఒప్పుకుంటే నీ త్రోవలు సరాళం చేస్తాడనే వచనం) రోజూ చదువుతున్నా టెన్షన్ తగ్గట్లేదు.

అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణంలో డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు కదా. అలా ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు సేవ చేస్తే పిలుపును తప్పించుకున్నట్టా? అది దేవుని పిలుపో, పాస్టర్ గారి ఇష్టమో మీరెలా తేల్చుకున్నారు? ‘ప్రార్థన చేయండి’ అని మాత్రమే రాయకండి, చేస్తూనే ఉన్నాను.